పన్నెండో పేరు

మా హాల్లో గోడకు మొదటి ఏడాది లీగు చార్టు ఇప్పటికీ అంటించే ఉంది. పన్నెండు పేర్లు నిలువునా, అవే పన్నెండు పేర్లు అడ్డంగా, మధ్యలో స్కెచ్ పెన్నుతో గీసిన గళ్ళు. ఆడిన మ్యాచ్‌కు స్కోరు, ఆడనిదానికి ఖాళీ. పన్నెండు మంది ఒకరితో ఒకరు ఒక్కోసారి ఆడితే 66 మ్యాచ్‌లు అవుతాయి. మావి 41 దగ్గర ఆగిపోయాయి. ఆ తర్వాత కొత్త చార్టులు ఎన్ని వచ్చినా దీన్ని మాత్రం నేను తీయనివ్వలేదు. స్నేహితుల మధ్య టేబుల్ టెన్నిస్ (టీటీ) లీగు ఎట్లా నడపాలో నాకు నేర్పింది ఆ 25 ఖాళీ గళ్ళే.

అప్పట్లో అందరం తప్పు ఎండ మీదికి నెట్టేశాం. సెలవులు కదా, అందరూ ఊళ్ళోనే ఉంటారని మే నెలలో మొదలుపెట్టాం. మా హాలు అనంతపురం పాతూరులో ఒకప్పుడు శనక్కాయల గోడౌనుగా ఉన్న ఇంటి మేడ మీద గది. మేలో అనంతపురం మిద్దె సాయంత్రం ఏడు దాటినా కిందికి సెగ వదులుతూనే ఉంటుంది. ఫ్యాను వేసుకోవచ్చు కదా అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. టీటీ బంతి బరువు 2.7 గ్రాములు. ఫ్యాను కింద నిలబడి సర్వీసుకు బంతి ఎగరేస్తే అది మన చేతి మీదికి తిరిగి రాదు. అందుకని ఫ్యాన్లు ఆపాలి, కిటికీలు మూయాలి. రెండు గేములు ఆడేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేవి. మే గడిచి ఆషాఢం వచ్చిందనుకోండి, అది ఇంకో కష్టం. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఏ గాలిని చూసో, ఆ గాలే మా కిటికీ రెక్కల సందుల్లోంచి దూరి వస్తుంది. నేరుగా వస్తున్న బంతి టేబుల్ దగ్గరికి వచ్చాక వేలెడు పక్కకు జరుగుతుంది.

కాబట్టి ఎండ, గాలి, ఈ రెండే లీగును చంపాయని తీర్మానించాం. రెండో ఏడాది నుంచి కాలం మార్చాం. దసరా అయిన తర్వాత మొదలు, సంక్రాంతి లోపల ముగింపు. గురువారం గురువారం ఆరు మ్యాచ్‌లు, అట్లా పదకొండు గురువారాలు, దీపావళి వారం సెలవు. ఈ ఊళ్ళో టీటీ ఆడాలనుకునే ఎవరికైనా నేను ఇదే చెబుతాను, ఇది సరైన కాలం. కానీ మా లీగు చచ్చింది ఎండ వల్ల కాదు.

ఒక రాత్రి కూర్చుని పాత చార్టును ఇంకో కాగితం మీద తిరగరాశాను. మొదట చేరిన వరసలో ఉన్న పేర్లను ఈసారి గెలుపుల వరసలో పెట్టాను. అందరికన్నా ఎక్కువ గెలిచినవాడు పైన, అందరికన్నా తక్కువ గెలిచినవాడు కింద. అంతవరకు అక్కడక్కడా చెదిరినట్టు కనిపించిన ఖాళీలన్నీ కిందికి జారి ఒకచోట గుమిగూడాయి. 25 ఖాళీల్లో 22 చివరి నలుగురివే. మీది నలుగురూ తమలో తాము ఆడాల్సిన మ్యాచ్‌లన్నీ ఆడేశారు. అదే మే నెల, అదే మిద్దె, అవే ఆపేసిన ఫ్యాన్లు. ఎండ అందరికీ ఒకటే అయినప్పుడు మానేసింది కింది వాళ్ళే ఎందుకు?

మొదట మానేసింది పోస్టాఫీసు అన్న. వరసగా ఐదు మ్యాచ్‌లు ఓడాడు, ఆరో గురువారం రాలేదు. ఫోన్ చేస్తే ఇంట్లో చుట్టాలు వచ్చారన్నాడు. ఇంకో వారం తర్వాత క్లాక్ టవర్ దగ్గర టీ కొట్టు ముందు కలిశాడు. అక్కడ ఉన్నమాట చెప్పాడు. ‘‘ఏం ఆడేదిలే సామీ. నేనొస్తే మీకు రెండు పాయింట్లు, నాకు చెమట.’’ కోపంగా అనలేదు. తపాలా సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంటూ మామూలుగా అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ‘‘అట్లంటే ఎట్లన్నా, రా’’ అన్నానంతే.

పోస్టాఫీసు అన్న మానేశాక ఏం జరిగిందో చార్టులో తేదీల ప్రకారం కనబడుతుంది. పన్నెండో మనిషి పోయాడు కాబట్టి పదకొండో మనిషి చివరివాడయ్యాడు. అంతకుముందు ఆయనకు తన కింద ఒకరున్నారన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు అడుగున తనే. మూడు వారాల్లో ఆయనా మానేశాడు. అప్పుడు పదో మనిషి అడుగుకు వచ్చాడు. చివరి స్థానం ఒక మనిషిది కాదు, అదొక కుర్చీ. ఒకరు లేచిపోతే అది ఖాళీగా ఉండదు, పక్కన కూర్చున్నవాడు అందులోకి జారతాడు. అందుకే నా వాదన ఇది: స్నేహితుల లీగులో ప్రతి నియమాన్నీ ఆ కుర్చీలో కూర్చున్నవాడి వైపు నుంచి చూసి రాయాలి. ఛాంపియన్ గురించి ఆలోచించాల్సిన పనే లేదు. గెలిచేవాడు ఎండలో అయినా వస్తాడు, గాలిలో అయినా వస్తాడు.

మామూలుగా మనం ఆడే పద్ధతులన్నీ దీనికి నేరుగా విరుద్ధం. గెలిచినవాడు టేబుల్ మీద ఉంటాడు, ఓడినవాడు దిగుతాడు. ఊళ్ళో ఏ క్లబ్బుకు పోయినా, ఏ హాస్టల్‌కు పోయినా ఇదే. 11 పాయింట్ల గేము ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. ఎనిమిది మంది ఉన్న సాయంత్రం బాగా ఆడేవాడు గంటసేపు టేబుల్ దిగడు. ఆట సరిగా రానివాడు ఒక గేము ఆడి దిగి, మిగతా ఏడుగురి వంతులు చూసుకుంటూ బెంచీ మీద కూర్చుంటాడు. ఎవరికి ఆట ఎక్కువ అవసరమో వాళ్ళకే ఆట తక్కువ. అద్దెకు, బంతులకు, కరెంటుకు చందా మాత్రం తలా ఒకటే. ఆలోచిస్తే అడుగున ఉన్నవాడు పైనున్నవాడి ప్రాక్టీసుకు డబ్బులు కడుతున్నట్టే.

నాకౌట్ ఇంకా దారుణం. పదహారు మందితో నాకౌట్ పెడితే మొత్తం 15 మ్యాచ్‌లు. అందులో ఎనిమిది మంది ఒక్క మ్యాచ్ ఆడి చెప్పులేసుకుని ఇంటికి పోతారు. గణతంత్ర దినోత్సవానికి ఆఫీసుల్లో పెట్టే పోటీలకు అది సరిపోతుందేమో. వారం వారం కలుసుకోవాలనుకునే మనుషులకు కాదు. ప్రతి ఒక్కరూ మిగతా అందరితో ఆడే రౌండ్ రాబిన్‌లో అందరికీ సమానంగా పదకొండు మ్యాచ్‌లు దక్కుతాయి. ఫిక్చర్, అంటే ఏ వారం ఎవరు ఎవరితో ఆడాలన్న పట్టిక, వేయడం కూడా కష్టమేం కాదు. పన్నెండు పేర్లు రెండు వరసల్లో ఆరేసి రాసి, ఎదురెదురుగా ఉన్నవాళ్ళను ఆడించండి. తర్వాతి వారం ఒక పేరును కదపకుండా ఉంచి మిగతా పదకొండు పేర్లను గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో చోటు జరపండి. పదకొండు వారాలకు ఎవ్వరూ ఎవ్వరితోనూ రెండుసార్లు తగలకుండా 66 మ్యాచ్‌లూ పూర్తవుతాయి. మూడు గేముల్లో రెండు గెలిచినవాడిది మ్యాచ్ అనే బెస్ట్ ఆఫ్ త్రీ అయితే ఒక్క టేబుల్ మీద ఆరు మ్యాచ్‌లకు రెండు గంటలు చాలు.

పాయింట్ల విషయంలో మేము చేసిన మొదటి తప్పు గెలుపుకు రెండు, ఓటమికి సున్నా అని రాసుకోవడం. పోస్టాఫీసు అన్న అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. ఐదు గురువారాలు పని ముగించుకుని, సైకిలు తొక్కుకుంటూ వచ్చి, ఐదు మ్యాచ్‌లు ఆడిన మనిషి పేరు ఎదురుగా సున్నా. అసలు రానే రాని మనిషికీ సున్నానే. తర్వాత చదివితే తెలిసింది, అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య గ్రూపు పోటీల నియమం అట్లా లేదు. గెలిచినవాడికి 2, ఆడి ఓడినవాడికి 1, ఆడకపోతే లేదా మధ్యలో వదిలేస్తే 0. ప్రపంచ స్థాయి పోటీల్లోనే వచ్చి నిలబడి ఆడినందుకు ఒక పాయింటు ఇస్తున్నారు. మన మేడ మీద గదిలో ఎందుకివ్వకూడదు? మరుసటి ఏడాది నుంచి అదే రాసుకున్నాం. ఓడిపోతానని తెలిసి కూడా వచ్చి ఆడినవాడు, రాకుండా ఉండిపోయినవాడికన్నా పైన ఉంటాడు. పాయింట్లు సమానమైతే సమానంగా ఉన్నవాళ్ళు తమలో తాము ఆడిన మ్యాచ్‌లు మాత్రమే చూస్తాం, అదీ వాళ్ళ నియమమే.

అయినా ఒక్క పాయింటుతో మనిషి నిలబడడు. ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తానన్న ఆశ కావాలి. ఇక్కడే మా లెక్కల సారు అడ్డం పడ్డారు. ఆశ అనేది మాటలతో ఇచ్చేది కాదు, లెక్కలో ఉందో లేదో చూడాలన్నారు. ఫిక్చర్ల పుస్తకం వెనక అట్ట మీద పెన్సిలుతో మొదలుపెట్టి అరగంట కూర్చుని వేశారు.

ఇద్దరు ఆడుతున్నారనుకోండి. ప్రతి పది పాయింట్లలో ఆరు ఒకరికి, నాలుగు ఇంకొకరికి వస్తున్నాయి. చూసేవాళ్ళకు వీళ్ళు దాదాపు సమానంగానే కనబడతారు, గేము 11-7తో ముగుస్తుంటుంది. ప్రతి పాయింటుకూ అదే అవకాశం అనుకుని లెక్క వేస్తే, 11 పాయింట్ల గేమును మొదటివాడు నూటికి 84 సార్లు గెలుస్తాడు. మూడు గేముల మ్యాచ్ అయితే 93 సార్లు. ఐదు గేములైతే 97 సార్లు. ఆట ఎంత సాగితే చిన్న తేడా అంత పెద్దదవుతుంది. పదిలో నాలుగు పాయింట్లు తెచ్చుకునే ఆటగాడు చేతగానివాడేం కాదు. కానీ చార్టులో అతని వరస నిండా ఓటములే ఉంటాయి. పోస్టాఫీసు అన్న ఆడిన ఐదు మ్యాచ్‌ల స్కోర్లు తీసి చూస్తే ఎక్కువ గేములు 11-6, 11-7, 11-8 ఉన్నాయి. ఆయనను మేమందరం ‘ఆట రాదు’ అని లెక్కగట్టేశాం. ఆయనే అట్లా లెక్కగట్టుకున్నాడు.

సారు పెన్సిలు ఇంకో వరస కిందికి దిగింది. ఆ రెండోవాడికి గేము మొదట్లోనే రెండు పాయింట్లు ఇస్తే 84 కాస్తా 68 అవుతుంది. నాలుగు ఇస్తే 47 అవుతుంది. అంటే దాదాపు సగం సగం. నాలుగంటే నాలుగు పాయింట్లు. ఆ కాగితం చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇంత చిన్న సర్దుబాటు చేయక ఒక ఏడాది లీగును, నలుగురు మనుషులను పోగొట్టుకున్నాం కదా అనిపించింది.

దీన్నే హ్యాండిక్యాప్ అంటారు. గోల్ఫ్‌లో అధికారికంగా ఉన్నదే. ఇంగ్లండ్ ఊళ్ళలో జరిగే టీటీ లీగుల్లో కూడా హ్యాండిక్యాప్ కప్పులు వేరుగా ఉంటాయి. మేము ఆటగాళ్ళను మూడు తరగతులు చేసుకున్నాం. ఒక తరగతి తేడాకు రెండు పాయింట్లు, రెండు తరగతుల తేడాకు నాలుగు. బ్యాటు కొత్తగా పట్టినవాళ్ళకు మీది తరగతివాళ్ళతో ఆడేటప్పుడు ఆరు. నాలుగు వారాలకు ఒకసారి సవరణ. సవరించే ముగ్గురిలో ఒకరు తప్పనిసరిగా కింది ఆరుగురిలోంచి ఉండాలి.

అమలు చేయడం మొదలుపెట్టాకే బయటపడే చిక్కులు కొన్ని ఉంటాయి, ఇట్లాంటి లీగు పెట్టాలనుకునేవాళ్ళ కోసం చెబుతాను. మొదట మూడు పాయింట్ల హ్యాండిక్యాప్ కూడా పెట్టాం. అది కుదరదు. సర్వీసు రెండేసి పాయింట్లకు మారుతుంది, అంటే రెండు వైపుల స్కోరు కలిపితే సరిసంఖ్య వచ్చినప్పుడు. అంపైరుగా కూర్చున్నవాడికి సర్వీసు ఎవరిదో గుర్తుచేసేది ఆ లెక్కే. 3-0తో మొదలుపెడితే ఆ లెక్క తలకిందులవుతుంది, ప్రతి గేములోనూ రెండుసార్లు ఆట ఆపి సర్వీసు ఎవరిదని వాదించుకోవాల్సి వచ్చింది. అందుకే 2, 4, 6 మాత్రమే. ఇంకోటి, చివరి గేములో ఎవరైనా 5కు చేరగానే వైపులు మారాలి. 6-0తో మొదలైన గేములో ఆ ఐదు ఎప్పుడో దాటిపోయింది. మా హాల్లో మెట్ల వైపు ట్యూబులైటు కాస్త మసక, అటు నిలబడినవాడికి నష్టం, కాబట్టి వైపులు మారకుండా ఉంటే కుదరదు. బలమైనవాడు 5కు చేరినప్పుడు మారాలని రాసుకున్నాం. చిన్న విషయాలే. రాసుకోకపోతే మాత్రం ప్రతి గురువారం ఒక గొడవ.

పెద్ద గొడవ వేరే ఉంది. మెడికల్ షాపు అన్న ఒప్పుకోలేదు. ఆయన మాలో అందరికన్నా మేటి, చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు ఆడిన మనిషి. ‘‘నేను పదేళ్ళు పొద్దున్నే లేచి నేర్చుకున్న ఆటప్పా ఇది. గెలిచిన పాయింటు నాది. నేను గెలవకముందే నా దగ్గర్నుంచి నాలుగు తీసి ఇంకొకరికి ఇచ్చేదేంది?’’ అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. హ్యాండిక్యాప్ గురించి మాట్లాడే చాలామంది ఈ బాధను తేలిగ్గా తీసేస్తారు, నేను తీసేయను. ఆటలో నేర్పుకు విలువ లేదని ఎవరైనా అంటే నాకూ కోపం వస్తుంది. అందుకే చివరి వారంలో మీది నలుగురికి హ్యాండిక్యాప్ లేని సూటి ఆట పెట్టాం, ఐదు గేముల మ్యాచ్‌లు. అసలు ఛాంపియన్ ఎవరో అక్కడ తేలుతుంది. లీగు పట్టిక మాత్రం హ్యాండిక్యాప్‌తోనే నడుస్తుందని చెప్పాను. ఆయన రెండు వారాలు ఆలోచించుకుని సరేనన్నాడు, మనస్ఫూర్తిగా కాదు.

ఆ ఏడాది మూడో గురువారం పోస్టాఫీసు అన్నకు మెడికల్ షాపు అన్నతో పడింది. (పోస్టాఫీసు అన్నను మళ్ళీ రప్పించడానికి నేను రెండుసార్లు వాళ్ళ ఇంటికి పోయి ఉగ్గాని బజ్జీ తినాల్సి వచ్చింది, రెండోసారి వదినే ‘‘పోయి ఆడుకోని రా పో’’ అని పంపింది.) బ్యాటు పక్కన పెట్టి చాలాకాలమైన మనిషి కాబట్టి కొత్తవాళ్ళ లెక్కన ఆయనకు ఆరు ఇచ్చాం. 6-0తో మొదలైంది. పోస్టాఫీసు అన్నకు ఐదు పాయింట్లు చాలు. అవతల మెడికల్ షాపు అన్న పదకొండు తెచ్చుకోవాలి. అంతవరకు ఆయన మామీద ఆడేటప్పుడు నవ్వుతూ, మాట్లాడుతూ, దూరంగా నిలబడి ఆడేవాడు. ఆ రోజు మాట లేదు. ప్రతి సర్వీసుకూ వంగి, బంతి చూసి, వేస్తున్నాడు. 6-4, 7-6, 8-8. ఆ తర్వాత 9-9.

పోస్టాఫీసు అన్న సర్వీసు మీద సాగిన పాయింటులో ఆయన తిరిగి కొట్టిన బంతి నెట్టుకు తగిలి అవతలికి జారి 10-9 అయింది. తర్వాతి పాయింటు చాలాసేపు సాగింది. ఇద్దరూ పుష్, అంటే బంతిని మెల్లగా తోయడం, తప్ప ఇంకో షాటు ఆడలేదు. బెంచీ మీద ఉన్నవాళ్ళం లేచి నిలబడ్డాం. పోస్టాఫీసు అన్న ఒక బంతిని ఎడమ మూలకు తోశాడు. టేబుల్ చివర ఏదో చిన్న శబ్దం వచ్చినట్టు, రానట్టు. బంతి పక్కకు పడిపోయింది. టేబుల్ మీది అంచుకు తగిలితే పాయింటు, అంచు కింద పక్క చెక్కకు తగిలితే పాయింటు కాదు. అంపైరుగా ఉన్న ఇంజనీరింగ్ పిల్లవాడు అవతలి వైపు కూర్చున్నాడు, వానికి కనబడలేదు. అందరం మెడికల్ షాపు అన్న వైపు చూశాం. ఆయన వంగి ఆ మూలను వేలితో తడిమాడు. చూపుడువేలు పైకెత్తి, ‘‘మీదనే తగిలిందిలే’’ అన్నాడు. 11-9.

తర్వాతి రెండు గేములూ మెడికల్ షాపు అన్నే గెలిచాడు. మ్యాచ్ ఆయనదే. కానీ పోస్టాఫీసు అన్న ఆ రాత్రి పదింటి వరకు హాల్లోనే ఉన్నాడు. మూడో గేములో 8-8 దగ్గర కొట్టిన స్మాష్ ఎందుకు బయటికి పోయిందో పదిమందికి చెప్పాడు. మిగిలినవాళ్ళు కూడా అడిగి చెప్పించుకున్నారు. మనిషి నిలబడడానికి గెలుపే అక్కర్లేదని నాకు అప్పుడు అర్థమైంది. ఓడిపోయాక చెప్పుకోవడానికి ఒక 8-8 ఉండాలి. 11-3, 11-4 ఓడినవాడు చెప్పుకునేదేముంది? నెత్తి వంచుకుని మెట్లు దిగుతాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడాది చివరికి మెడికల్ షాపు అన్న ఆట మెరుగైంది. ఆరు పాయింట్లు వెనకబడి మొదలుపెట్టేవాడికి ఊరికే పారేసుకునే పాయింట్లు ఉండవు, సర్వీసు తప్పడానికి లేదు. సరదాకు కొట్టే షాట్లు మానేశాడు. హ్యాండిక్యాప్ మంచిదని ఆయన నోటితో ఇప్పటికీ అనలేదు. సవరణ రోజు మాత్రం తప్పకుండా వస్తాడు, ఎవరికి రెండు, ఎవరికి నాలుగు అని ఆయనే వాదిస్తాడు.

హ్యాండిక్యాప్ ఒక్కటే ఉంటే చాలదు, సర్వీసు నియమం గట్టిగా ఉండాలి. మాలో ఒకాయన సర్వీసు చేసేటప్పుడు బంతిని ఎడమ చేయి, ఒళ్ళు అడ్డం పెట్టి కొట్టేవాడు. బ్యాటు బంతికి ఎక్కడ తగిలిందో కనబడదు. 2002 నుంచి అది చెల్లదు, బంతి ఎగరేసిన క్షణం నుంచి కొట్టేవరకు ఎదుటివాడికి కనబడాలి. ‘‘మనలో మనకేమప్పా రూల్సు’’ అనేది ఆయన మాట. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాచిన సర్వీసు మెడికల్ షాపు అన్న మీద పనిచేయదు, ఆయన బంతి ఎగిరే తీరు చూసి స్పిన్ పట్టేస్తాడు. అది పనిచేసేది కింది ముగ్గురు నలుగురి మీదే. ‘మనలో మనకు’ అని సడలించిన ప్రతి నియమం ఖర్చూ వాళ్ళ మీదే పడుతుంది. అరచేయి తెరిచి, బంతిని కనీసం 16 సెంటీమీటర్లు ఎగరేయాలి. స్కేలు అక్కర్లేదు, నెట్టు ఎత్తు 15.25 సెంటీమీటర్లు, దానికన్నా కాస్త ఎక్కువ ఎగిరిందా లేదా చూస్తే చాలు. రెండుసార్లు హెచ్చరిక, మూడోసారి పాయింటు పోతుంది. అధికారిక నియమంకన్నా మాది కాస్త మెత్తనే.

రబ్బర్ల సంగతీ అంతే. డిగ్రీ కాలేజీ మేడం బ్యాటుకు ఒకవైపు పొడవు పింపుల్స్, అంటే పొడుగాటి బొడిపెలున్న రబ్బరు, వాడతారు. మనం వేసిన స్పిన్ తిరగబడి మనకే వస్తుంది. తెలియనివాడు ఆ బ్యాటు ముందు బిత్తరపోతాడు. 1952లో బొంబాయిలో ప్రపంచ పోటీలు జరిగినప్పుడు జపాన్‌కు చెందిన హిరోజి సాటో స్పాంజి బ్యాటుతో వచ్చి సింగిల్స్ గెలుచుకుపోయాడు. అంతవరకు ఎదుటివాళ్ళు బ్యాటు శబ్దాన్ని బట్టి కూడా బంతిని అంచనా వేసేవాళ్ళు, ఆ బ్యాటుకు శబ్దమే లేదు. ఒకే రంగు రబ్బర్లు రెండు వైపులా వేసుకుని బ్యాటు తిప్పుతూ మోసగించడం ఆపడానికే 1986లో ఒకవైపు ఎరుపు, ఒకవైపు నలుపు ఉండాలన్నారు. ఎదుటివాడి బ్యాటును మ్యాచ్‌కు ముందు పట్టుకుని చూసే హక్కు ఇప్పటికీ ప్రతి ఆటగాడికీ ఉంది. మేము దానికి ఒకటి కలిపాం. నియమాల్లో మ్యాచ్‌కు ముందు ప్రాక్టీసు రెండు నిమిషాలే. పింపుల్స్ వాడేవాళ్ళతో ఆడేటప్పుడు మా దగ్గర ఐదు నిమిషాలు. మేడం ఆ ఐదు నిమిషాల్లో ఏ బంతి ఎట్లా వస్తుందో విడమరిచి చెబుతారు, పాఠం చెప్పినట్టే. అయినా ఎక్కువ ఆమే గెలుస్తారు.

21 పాయింట్ల గేము కావాలని మా రిటైర్డ్ తహసీల్దారు గారు ప్రతి ఏడాదీ అడుగుతారు. ఆయన రోజుల్లో ఐదేసి సర్వీసులు, 38 మిల్లీమీటర్ల బంతి. బంతి 2000లో 40 అయింది, గేము 2001లో 11కు వచ్చింది. ఆయన మీద నాకు గౌరవం. కానీ సారు లెక్కే జవాబు, గేము పెరిగేకొద్దీ అడుగున ఉన్నవాడి దారి మూసుకుపోతుంది. ఆయన కోసం ఏడాదికి ఒక ఆదివారం 21 పాయింట్ల ఆట పెడతాం. ఆ రోజు ఉగ్గాని ఆయనదే.

మధ్యలో మానేసేవాళ్ళు అప్పుడప్పుడూ ఇంకా ఉంటారు. ట్రాన్స్‌ఫర్లు, కాన్పులు, మోకాళ్ళు. చదరంగం రౌండ్ రాబిన్ పోటీల్లో ఒక పద్ధతి ఉంది: సగం కన్నా తక్కువ ఆటలు ఆడి తప్పుకుంటే ఆ మనిషి ఫలితాలన్నీ పట్టికలోంచి తీసేస్తారు, సగం ఆడి ఉంటే మిగతావి ఎదుటివాళ్ళకు గెలుపుగా రాస్తారు. మేమూ అదే పెట్టుకున్నాం. మొదటి ఏడాది ఇది లేక, పోస్టాఫీసు అన్నను ముందే ఓడించినవాళ్ళకు పాయింట్లు, ఆడనివాళ్ళకు ఏం రాయాలో తెలియక, ఇద్దరు స్నేహితులు ఆరు నెలలు మాట్లాడుకోలేదు.

‘ఇట్లా మెత్తగా పెడితే ఆటగాళ్ళు తయారవుతారా’ అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. ఆకుల శ్రీజ హైదరాబాద్ నుంచి వచ్చి 2022 కామన్వెల్త్ క్రీడల్లో ఆచంట శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చింది, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చివరి పదహారు మందిలో నిలిచింది. ఆ దారిలో జాలి లేదు, ఉండకూడదు కూడా. అట్లాంటి పిల్లలకు కోచ్‌లు కావాలి, ర్యాంకింగ్ పోటీలు కావాలి. మా ఊళ్ళో ఆటను పెద్దగా చూసేవాళ్ళకు కొదవ లేదు, ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్‌లో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి. మా లీగు చేసే పని అది కాదు. రోజంతా కౌంటరు దగ్గరో, బ్లాక్ బోర్డు ముందో, సైకిలు మీదో గడిపిన నలభై, యాభై ఏళ్ళ మనుషులు వారానికి రెండు గంటలు తొమ్మిదడుగుల టేబుల్‌కు అటూ ఇటూ నిలబడి గట్టిగా ఆడటం. ఆ వయసులో ఆట మానేసిన మనిషి మళ్ళీ మొదలుపెట్టడం చాలా అరుదు. ఒకణ్ణి పోగొట్టుకుంటే ఇంకొకణ్ణి తెచ్చుకోవడానికి మాకు అకాడమీలు లేవు.

పోయిన సంక్రాంతికి ముగిసిన లీగులో 66కు 64 మ్యాచ్‌లు జరిగాయి. మిగిలిన రెండూ ఒకరి మోకాలి ఆపరేషన్ వల్ల ఆగినవి. పోస్టాఫీసు అన్న ఎనిమిదో స్థానంలో ముగించాడు. సవరణ కూర్చున్నప్పుడు ఆయనకు మీది తరగతి మీద ఉన్న నాలుగును రెండు చేశాం. ఆయన ఒప్పుకోలేదు. ‘‘నేనేం అంత ఆడేవాన్నప్పా, నాలుగు ఉండనీండి’’ అని అరగంట వాదించాడు. లెక్కల సారు స్కోర్లు తీసి చూపించారు. రెండే ఖాయమైంది.

ఈసారి ఫిక్చర్లు నిన్న రాత్రి వేశాను. అడుగున కొత్త పేరు వచ్చింది, హిందూపురం నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి. చదువుకునే రోజుల్లో హాస్టల్‌లో ఆడాడట, ఆ తర్వాత బ్యాటు ముట్టలేదు. చీటీల్లో మొదటి గురువారమే ఆయనకు మెడికల్ షాపు అన్నతో పడింది. ఆరు పాయింట్లు ఇస్తున్నాం. పింపుల్స్ లేకపోయినా ఐదు నిమిషాల ప్రాక్టీసు ఇద్దామని మెడికల్ షాపు అన్నే చెప్పాడు. ఏడింటికల్లా రమ్మని కొత్తాయనకు ఫోన్ చేశాను. బూట్లు కొనుక్కోవాలా అని అడిగాడు. అక్కర్లేదు, రబ్బరు అడుగు ఉన్నవి ఏవైనా చాలన్నాను.